చంకన ఎత్తిన చక్రం

సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, "బండి పక్కన తగిలించే స్టెప్నీ గురించి రాస్తాను" అన్నాను. వాళ్ళు నవ్వారు. కవితలకూ కథలకూ మధ్య ఒక టైరుకు చోటేమిటని వాళ్ళ సందేహం కాబోలు. నా వ్యాసం కూడా చోటు గురించే. అదనపు చక్రాన్ని బండిలో ఎక్కడ పెట్టాలి అన్నది చూడడానికి చిన్న ప్రశ్న. కాస్త తవ్వి చూస్తే, అసలా బండిని ఎవరి పని కోసం చేశారు అన్న ప్రశ్న దాని కిందే ఉంటుంది. ఈ సంగతి నాకు తరగతి గదిలో తెలియలేదు. రాత్రి రెండు గంటలకు, రోడ్డు పక్క బురదలో తెలిసింది.

పోయిన ఏడాది సెలవుల్లో మా టమోటా కాయను మదనపల్లె మార్కెట్టుకు తోలుకుపోతున్నాము. బాడుగ బండి, తొంభై బాక్సులు, డ్రైవరన్న, నేను. దారిలో వెనక టైరు పంక్చరయింది. స్టెప్నీ ఉంది. కానీ అది బండి బాడీ కింద, గొలుసుకు వేలాడుతూ ఉంది. లోడు మీదున్న బండి, పైగా ఒక టైరులో గాలి లేదు. వెనకభాగం కుంగిపోయి కిందికి మనిషి దూరే సందు లేదు. ముందు జాకీ పెట్టి లేపాలి. జాకీ బురదలోకి దిగిపోయింది. పలక కోసం వెతికి, దాని మీద జాకీ నిలబెట్టి, వెల్లకిలా పడుకుని లోపలికి దూరితే, గొలుసు దింపే మర తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. సుత్తితో కొట్టాము. నూనె పోశాము. అది కదలలేదు.

డ్రైవరన్న బయటికి వచ్చి మొహాన బురద తుడుచుకుంటూ, "చదువుకుంటా ఉండావు గదా తమ్ముడూ, చేతికందే చోట పెట్టకుండా దీన్ని ఈడెందుకు పెట్టినారో నువ్వన్నా చెప్పు" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. మాది అంతకన్నా అన్యాయం. బిడ్డ ఎక్కడుందో తెలుసు, ఎత్తుకోవడానికే వీలుకాలేదు.

చివరకు ఒక లారీ వాళ్ళు ఆగి, ఆక్సా బ్లేడుతో గొలుసు కోసి ఇచ్చారు. మేము చేరేసరికి తొలి వేలంపాటలు అయిపోయాయి. ఎండెక్కిన కాయకు బాక్సు మీద యాభై రూపాయలు తగ్గింది. తొంభై బాక్సులకు నాలుగువేల ఐదువందలు. నా హాస్టలు మెస్సుకు రెండు నెలల ఖర్చు అది. మా నాయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ పొద్దున పంక్చరు షాపులో కూర్చుని ఉండగా గోడ మీద ఒక పాత క్యాలెండరు బొమ్మ చూశాను. అమెరికా దేశపు పాత పికప్ బండి, గుండ్రటి మడ్‌గార్డులు. క్యాబిన్‌కూ వెనక చక్రానికీ మధ్య, బండి వెలుపల, అదనపు చక్రం నిలువుగా నిలబెట్టి ఉంది. ఆడమనిషి చంకన బిడ్డను ఎత్తుకున్నట్టు ఆ బండి తన చక్రాన్ని ఎత్తుకుంది. డ్రైవరన్న అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఆ బొమ్మలో కనిపించింది. అక్కడినుంచి వెతుక్కుంటూ పోయి తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం.

ముందుగా పేరు సంగతి. మనం స్టెప్నీ అంటామే, అది చక్రానికి ఇంగ్లీషులో ఉన్న మామూలు పేరు కాదు. ఒక వీధి పేరు. తొలినాళ్ళ మోటారు కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. చక్రాలు ఇరుసుకు స్థిరంగా బిగించి ఉండేవి. రోడ్ల నిండా గుర్రపు లాడాల మేకులు. పంక్చరు అయితే చక్రం మీద ఉండగానే టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసి, చేతిపంపుతో గాలి కొట్టుకోవలసిందే. వేల్స్ ప్రాంతంలోని లానెల్లి పట్టణంలో థామస్ మోరిస్ డేవీస్ అనే ఆయన 1904లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆకులు లేని ఒక ఇనుప రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి సిద్ధంగా ఉంచుకోవడం, పంక్చరైన చక్రాన్ని ఊడదీయకుండా దాని పక్కనే ఈ రిమ్మును కొక్కేలతో బిగించి ఇల్లు చేరడం. ఆయన దుకాణం ఉన్నది స్టెప్నీ వీధిలో. ఆ వీధి పేరే ఆ చక్రానికి స్థిరపడింది. పుట్టిన దేశంలో ఆ మాట వాడుకలోంచి పోయింది గాని, మన లారీ డ్రైవర్ల నోట ఇప్పటికీ బతికే ఉంది. మాల్టా ద్వీపంలోనూ అంతే. బ్రెజిల్‌లో అది 'ఎస్టెపి' అయింది.

తరువాత చక్రాన్నో, రిమ్మునో మొత్తంగా ఊడదీసి మార్చుకునే పద్ధతి వచ్చింది. అప్పుడు, ఇంత పెద్ద వస్తువును ఎక్కడ మోయాలి అన్న సమస్య మొదలైంది. మామూలు కారుకు సమాధానం సులభం. వెనకాల తగిలించవచ్చు. సరుకు మోసే బండికి అది కుదరదు, ఎందుకంటే దాని వెనకభాగం తలుపు. బస్తాలు ఎక్కించేదీ దించేదీ అటునుంచే. ఆ తలుపుకు అడ్డంగా చక్రం పెడితే, ఇంటి గుమ్మంలో రోలు పెట్టినట్టు ఉంటుంది. బాడీ లోపల పెడితే సరుకు చోటు తింటుంది. పైగా అవసరమైన నాడు బస్తాలన్నీ దించితే గాని చేతికి రాదు. కింద వేలాడదీస్తే మా కథ అవుతుంది. ఇక మిగిలింది పక్కభాగం.

ఫోర్డ్ కంపెనీ వారు కర్మాగారంలోనే పికప్ బాడీతో తయారు చేసి అమ్మిన తొలి బండి, మోడల్-టి రనబౌట్, 1925 ఏప్రిల్‌లో వచ్చింది. ధర 281 డాలర్లు. అంతకుముందు రైతులు కారో, వట్టి ఛాసీయో కొని, ఊళ్ళో వడ్రంగి చేత వెనక పెట్టె కట్టించుకునేవారు. మోడల్-టి తరువాత వచ్చిన మోడల్-ఎ పికప్పుల్లో (1928–31) అదనపు చక్రానికి ఒక చక్కటి స్థానం దొరికింది. ముందుచక్రం పైన ఉండే మడ్‌గార్డు ఆ రోజుల్లో పొడవుగా, వాలుగా వచ్చి ఫుట్‌బోర్డులో కలిసేది. ఆ వాలులో, సాధారణంగా ఎడమవైపున, గుంటలాగా నొక్కి అందులో చక్రాన్ని నిలబెట్టారు. తలుపుకు అడ్డం లేదు, సరుకుకు అడ్డం లేదు. మనిషి నిలబడి, నడుము వంచకుండా, చక్రాన్ని విప్పి దొర్లించుకుపోవచ్చు. అదే కాలంలో ఖరీదైన కార్లలో కూడా రెండు పక్కలా రెండు చక్రాలు ఇలా నిలబెట్టడం ఒక దర్జాగా ఉండేది. ధనవంతునికి అలంకారమైన పద్ధతే రైతుకు అవసరమైన పద్ధతి అయింది.

వెనకతలుపుకూ పక్క చక్రానికీ ఉన్న ఈ సంబంధానికి జీపు మంచి దృష్టాంతం. రెండవ ప్రపంచయుద్ధంలో వాడిన విల్లీస్ ఎంబీ జీపుకు అదనపు చక్రం వెనకాల ఉండేది. దానికి వెనకతలుపు లేదు. యుద్ధం ముగిశాక, 1945లో, ఆ కంపెనీ వారు అదే జీపును రైతులకు అమ్మాలని సీజే-2ఎ అనే నమూనా తెచ్చారు. రైతుకు సామాను ఎక్కించడానికి వెనకతలుపు కావాలి. తలుపు పెట్టగానే చక్రం అక్కడినుంచి లేచి కుడిపక్కకు వచ్చింది. యుద్ధపు బండి సేద్యపు బండిగా మారినప్పుడు పైకి కనబడే గుర్తుల్లో ఇది ఒకటి. విల్లీస్ జీపులను మహీంద్రా వారు 1940ల చివర మనదేశంలో కూర్చడం మొదలుపెట్టారు గనుక, ఆ వంశపు బండ్లు మన పల్లెలకూ కొత్తకాదు.

ఇక నేను క్యాలెండరులో చూసిన బండి సంగతి. 1940లు దాటేసరికి ముందు మడ్‌గార్డులు ఉబ్బి, లైట్లను తమలో కలుపుకుని, ఇంజను మూతకు దగ్గరగా జరిగిపోయాయి. చక్రం కూర్చోవడానికి వాటి మీద వాలు మిగలలేదు. అప్పటికే చాలా పికప్పుల్లో చక్రాన్ని బాడీ కింద వేలాడదీస్తున్నారు. అయితే, పక్కనే కావాలనేవారి కోసం మరొక చోటు మిగిలింది. ఆ కాలపు పికప్ బాడీ ఇరుకైనది. వెనక చక్రాలు రెండూ బాడీకి వెలుపల, వేరే మడ్‌గార్డుల కింద ఉండేవి. కాబట్టి క్యాబిన్‌కూ వెనక మడ్‌గార్డుకూ మధ్య, బాడీ పక్కన, ఒక మెట్టులాంటి ఖాళీ వచ్చేది. దాని మీద కాలుపెట్టి బాడీలోని సరుకు అందుకునేవారు. ఆ ఖాళీలోనే చక్రాన్ని నిలబెట్టి, ఒక ఇనుప చట్రానికి బిగించేవారు. 1953–56 నాటి ఫోర్డ్ ఎఫ్-100 బండ్లలోనూ, 1955–59 నాటి షెవ్రొలె బండ్లలోనూ ఇది కనిపిస్తుంది. ఖాళీ చాలనప్పుడు వెనక మడ్‌గార్డు ముందుభాగాన్నే చక్రం ఆకారానికి సరిపడా లోపలికి నొక్కి చేసేవారు. మడ్‌గార్డులో ఆ సొట్ట గుద్దుకుని పడింది కాదు. చక్రానికి కావాలని ఇచ్చిన చోటు.

ఇక్కడ ఫిజిక్సు చదివే మిత్రులకు ఒక అనుమానం రావాలి. బరువైన చక్రాన్ని ఒకే పక్కన తగిలిస్తే బండి అటు ఒరగదా? లెక్క వేసి చూద్దాం. రిమ్ముతో సహా చక్రం 25 కిలోలనీ, బండి మధ్యగీత నుంచి 0.9 మీటరు దూరంలో ఉందనీ అనుకుందాం. 25ను 0.9తో గుణిస్తే 22.5. డ్రైవరు 65 కిలోల మనిషి, మధ్యగీతకు 0.4 మీటరు దూరంలో కూర్చున్నాడనుకుంటే, అతని వాటా 26. అంటే ఒక్క డ్రైవరు వల్ల బండి ఎంత ఒరుగుతుందో, పక్క చక్రం వల్ల దాదాపు అంతే. అమెరికాలో డ్రైవరు ఎడమపక్కన కూర్చుంటాడు. చక్రం కుడిపక్కన ఉన్న జీపులో ఈ రెండూ ఒకదానికొకటి చెల్లు. ఎడమపక్కనే చక్రమున్న మోడల్-ఎ వంటి బండిలో రెండూ కలుస్తాయి. అయినా భయం లేదు. అర టన్ను పికప్ మోసే సరుకు సుమారు 450 కిలోలు. ఆ సరుకును ఐదు సెంటీమీటర్లు రెండో వైపుకు జరిపి సర్దితే, 450ను 0.05తో గుణించగా మళ్ళీ అదే 22.5 వస్తుంది. నాలుగు వేళ్ళ వెడల్పు కన్నా తక్కువ జరిపితే చాలు. బస్తాలు సర్దే కూలీకి ఈ సూత్రం పేరు తెలియదు గాని, పని తెలుసు.

అలాగని పక్క చక్రానికి లోపాలు లేవనను. మొదటిది ఎండ. రబ్బరు అణువుల గొలుసులో జంటబంధాలు ఉంటాయి. గాలిలో స్వల్పంగా ఉండే ఓజోను ఆ బంధాల దగ్గరే గొలుసును తెంపుతుంది. సాగి ఉన్న రబ్బరు మీద ఆ తెగినచోట్లు సన్నని చీలికలుగా కనబడతాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరును మరొక విధంగా పాడుచేస్తాయి. టైరుకు నల్లరంగు తెచ్చే కార్బన్ బ్లాక్ ఆ కిరణాలను చాలావరకు తాను పీల్చుకుంటుంది గాని పూర్తిగా ఆపదు. అందుకే పక్క చక్రాలకు గుడ్డతోనో రేకుతోనో తొడుగు వేసేవారు. రెండవది తుప్పు. మడ్‌గార్డు గుంటలో నీరు, బురద చేరి రేకును తినేస్తాయి. మూడవది దొంగలు. చేతికందేది దొంగచేతికీ అందుతుంది. అందువల్ల తాళం కావాలి. నాల్గవది, మెట్టు మీద చక్రం కూర్చుంటే మనిషి కాలు పెట్టే చోటు పోతుంది.

కానీ ఈ లోపాలన్నీ పగటిపూట, తీరిగ్గా ఉన్నప్పుడు, గుడ్డముక్కతోనూ నూనెతోనూ తాళంతోనూ సరిచేసుకోదగినవి. కింద వేలాడే చక్రం లోపం అలాంటిది కాదు. అది చీకట్లో, లోడు మీద, ఒంటరిగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఈ తేడా నాకు ముఖ్యంగా తోచింది.

మరి ఇంత వీలైన పద్ధతి ఎందుకు పోయింది? చక్రం తప్పేమీ లేదు. దాని చోటే పోయింది. 1955లో షెవ్రొలె వారు క్యామియో క్యారియర్ అనే పికప్ తెచ్చారు. బాడీ పక్కలు క్యాబిన్‌తో సమంగా, నునుపుగా, కారులాగా కనబడాలని ఇరుకు బాడీకి వెలుపల ఫైబర్ గ్లాసు పలకలు తొడిగారు. అదనపు చక్రం కంటబడకూడదని దాన్ని వెనక బంపరు చాటున దాచారు. బంపరు మధ్యభాగం తెరుచుకుంటే చక్రం బయటికి వస్తుంది. 1957లో ఫోర్డ్ వారి స్టైల్‌సైడ్, 1958లో షెవ్రొలె వారి ఫ్లీట్‌సైడ్ బాడీలు వచ్చాయి. వీటిలో బాడీ వెనక చక్రాల మీదుగా వెడల్పుగా సాగింది. సరుకుకు ఎక్కువ చోటు దొరికింది, చూపుకు అందం వచ్చింది; మెట్టులాంటి ఆ ఖాళీ మాత్రం మాయమైంది. వెలుపలి మడ్‌గార్డులున్న పాత రకం బాడీలు ఆ తరువాత కూడా చాలాకాలం అమ్ముడయ్యాయి గాని, జనం మొగ్గు వెడల్పు బాడీ మీదికి పోయింది. చక్రం బాడీ కిందికి శాశ్వతంగా చేరింది.

ఇందులో ఎవరి కుట్రా లేదు. వెడల్పు బాడీ నిజంగా ఉపయోగమే. రోడ్లు బాగుపడ్డాయి, టైర్లు గట్టిపడ్డాయి, పంక్చర్లు తగ్గాయి. ఎప్పుడో ఒకసారి కావలసిన వస్తువు ఎప్పుడూ కంటి ముందు ఎందుకని అనుకోవడం సహజమే. మనదేశంలో ప్రయాణికుల కార్ల విషయంలో అయితే, ట్యూబులేని టైర్లు, అతుకు వేసే కిట్టు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం ఉంటే స్టెప్నీయే అక్కరలేదని 2020లో నియమం సడలించారు. అయితే సగటున తగ్గడం వేరు, ఆ ఒక్కసారి మనకే రావడం వేరు. మంచి రోడ్డు మీద పోయే కారుకు సరిపోయే లెక్క, చేను గట్టు నుంచి మార్కెట్టుకు పోయే బండికి సరిపోదు. మా తొంభై బాక్సులు సగటు లెక్కలోకి రావు.

ఈనాడు అమెరికాలో పాత పికప్పులను ముచ్చటగా బాగుచేసుకునేవారు పక్క చక్రం కోసం మళ్ళీ తాపత్రయపడతారు. సొట్టతో ఉన్న ఆ మడ్‌గార్డులు, ఆ చట్రాలు వెతికి తెచ్చుకుంటారు. దొరకకపోతే కొత్తగా చేసినవి కొనుక్కుంటారు. బురదలో ఉపయోగపడాలని పుట్టిన ఏర్పాటు ఇప్పుడు ప్రదర్శనల్లో మెరుస్తోంది. నాకు దానిమీద కోపం లేదు. మా ఇంట్లో కూడా కవ్వం గోడకు తగిలించే ఉంది.

ఇదంతా చదివాక, మేము బాడుగకు పిలిచే ఆ బండికి పక్కన చట్రం వెల్డింగు చేయించవచ్చునా అని డ్రైవరన్నతో ఆలోచించాను. కుదరదని తేలింది. బండి వెడల్పు పెరుగుతుంది. పైగా రిజిస్ట్రేషను నాటి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. కాబట్టి చోటు మార్చలేకపోయాము, అలవాటు మార్చుకున్నాము. నెలకొకసారి, లోడు లేనప్పుడు, స్టెప్నీని పూర్తిగా కిందికి దింపుతాడు. మర పళ్ళకు గ్రీజు పూస్తాడు. గాలి చూసి మళ్ళీ ఎక్కిస్తాడు. జాకీ కింద పెట్టడానికి ఒక మందపాటి చెక్కపలక సీటు వెనక ఎప్పుడూ ఉంటుంది. ఖర్చు గ్రీజు డబ్బా ఒకటి.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు డ్రైవరన్నకు క్యాలెండరు బండి కథ మొత్తం చెప్పాను. లానెల్లి పట్టణం, స్టెప్నీ వీధి, జీపు వెనకతలుపు, మడ్‌గార్డు సొట్ట, అన్నీ. ఓపిగ్గా విన్నాడు. విని, "అయితే ఆ బండి చేసినోడు ఎప్పుడో ఒకసారి రాత్రిపూట టైరు మార్చి ఉంటాడు తమ్ముడూ" అన్నాడు.

మనలో రేపు ఇంజనీర్లు అయ్యేవారు, యంత్రాలు గీసేవారు, వాటిని కొనే నిర్ణయాలు చేసేవారు కొందరుంటారు. కాగితం మీద గీత గీసేముందు ఒక్కసారి ఆ వస్తువు కింద, బురదలో, టార్చిలైటు నోట కరచుకుని పడుకున్న మనిషిని తలుచుకోమని మాత్రం వారికి నా మనవి.